కడలి ప్రయాణము – అభయము

జలదంకి పేరులో జలమున్నది గాని ఆ యూర సముద్రము లేదు. కావలికి పడమటగా, మెట్టపొలముల నడుమ నున్న గ్రామమది. అక్కడినుండి ఇంకను పడమటికి పోయినచో ఉదయగిరి కొండలు కానవచ్చును గాని అలలు కానరావు. అట్టి సీమవారికి ఓడప్రయాణికుల క్షేమమును గూర్చి చెప్పబూనుట వింతగా తోపవచ్చును. కాని 1989వ సంవత్సరము నవంబరు మాసమును ఆ ప్రాంతపు పెద్దలు మరచియుండరు.

ఆ నెల 3వ తేదీన థాయిలాండు సింధుశాఖలో 'సీక్రెస్టు' అను నౌక తలక్రిందులయ్యెను. సముద్రగర్భమున బావులు త్రవ్వుటకు నియోగింపబడిన నౌక యది. అందు 97 మంది పనివారుండగా ఆరుగురు మాత్రమే బ్రతికి బయటపడిరి. ఆ నౌకను ముంచిన తుపానునకు 'గే' అని పేరు. అది మలయా ద్వీపకల్పపు సన్నని మెడను దాటి, బంగాళాఖాతమున ప్రవేశించి, మరల బలమును కూడగట్టుకొని, ఐదు దినముల పిమ్మట 8, 9 తేదీల నడిమిరేయి కావలి చెంత తీరమును దాటెను. మనవారు దానిని కావలి తుపాను అనియే వ్యవహరింతురు. దూరసముద్రమున నావికుల ప్రాణములు తీసిన గాలియే ఇక్కడ ఇండ్ల కప్పులను ఎగురగొట్టెను. కనుక ఓడవాని కష్టము ఒడ్డువానికి పరాయిది కాదు.

సముద్రముపై మనుష్యుని కాపాడు ఏర్పాటులు ఎట్లు పుట్టినవి, ఎట్లు పెరిగినవి అను ప్రశ్నకు చరిత్ర చెప్పువారు సాధారణముగా ఇంగ్లండునుండియో అమెరికానుండియో కథ నారంభింతురు. నేను మోటుపల్లినుండి ఆరంభింతును. ఇది స్వదేశాభిమానము కొరకు చేయుట కాదు. అక్కడ ఆధారము రాతిమీద నున్నది.

చీరాలకు దక్షిణముగా, సముద్రపుటొడ్డున నున్న మోటుపల్లి కాకతీయుల కాలమున గొప్ప రేవు. వెనిసు నగరపు యాత్రికుడు మార్కోపోలో 'ముత్ఫిలి' అని చెప్పిన రాజ్యము ఈ మోటుపల్లి పేరనే అని పండితులందురు. కాకతి గణపతిదేవ చక్రవర్తి శాలివాహన శకము 1166న, అనగా క్రీస్తు శకము 1244లో, అక్కడ ఒక శాసనము వేయించెను. దానిని అభయశాసనమందురు. అందలి విషయమును మన మాటలలో చెప్పుకొందము. ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవు ఓడ గాలివానలో చిక్కి, పగిలి, పరాయి రేవున ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో, అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సమస్తమును పూర్వపు రాజులు బలాత్కారముగా లాగికొనుచుండిరట. ధనము ప్రాణముకంటెను ప్రియమైనదని తలచి సముద్రయానమను మహాసాహసమునకు పూనుకొన్న వర్తకులయందు దయ కలిగి, ఏర్పరచిన సుంకము తప్ప మరేమియు వారియొద్ద తీసికొనబోమని గణపతిదేవుడు ప్రకటించెను. ఎగుమతులకును దిగుమతులకును ముప్పదింట నొకవంతు సుంకమని అందే నిర్ణయింపబడినది.

ఈ శాసనమును మన చరిత్రకారులు వర్తకాభివృద్ధికి నిదర్శనముగా ఉదాహరింతురు. అది నిజమే. కాని దానియందు మరియొక సంగతి యున్నది. ఆ కాలమున ఓడవానికి రెండు భయములు. మొదటిది గాలి. రెండవది గాలినుండి తప్పించుకొని చేరిన ఒడ్డు. గాలికి రాజు చేయగలిగినది లేదు. ఒడ్డునకు మాత్రము చేయగలడు. తీరము సమీపమున నున్నను, అక్కడ సర్వస్వము పోవునను భయముచే నావికుడు పగిలిన ఓడతో సముద్రముననే నిలిచియుండుటకు తెగించును. తీరమునకు పోయిన దోపిడి లేదని తెలిసినప్పుడే అతడు సకాలమున చుక్కానిని త్రిప్పును. ఈ విధముగా సొమ్మునకిచ్చిన అభయము ప్రాణమునకు కూడ అభయమగుచున్నది. శాసనమును వ్రాసినవారు ఇంతదూరము ఆలోచించిరో లేదో చెప్పలేను. ఫలితము మాత్రమిదే. కాకతీయుల పిమ్మట కొండవీటి రెడ్డిరాజగు అనపోతారెడ్డి 1358లో మోటుపల్లియందే వర్తకులకు మరల అభయమిచ్చెను. సంతులేక మరణించిన వర్తకుని ధనమును రాజు చేకొను ఆచారమును కూడ అతడు మాన్పెను. పరదేశమున చచ్చినవాని మూటను ముట్టుకొనకపోవుట ఆ దినములలో చిన్న విషయము కాదు.

మన తీరమునకు ప్రకృతి చేసిన మేలు స్వల్పము. కొండకొమ్ము అడ్డముగా నిలిచిన విశాఖపట్టణమును విడిచినచో, తూర్పుతీరమున ఓడకు చాటైన చోటులు అరుదు. నెల్లూరు తీరమున దుగరాజపట్నము చెంత నీటిలో మునిగియున్న ఇసుకతిప్ప యొకటి కలదు. దానికి ఆర్మగాను తిప్ప యని పేరు. 1626 ప్రాంతమున ఇంగ్లీషువారు అక్కడ వర్తకశాలను కట్టుకొనిరి. ఆర్ముగ మొదలియారి సాయమునకు గుర్తుగా ఆ పేరు పెట్టిరని చెప్పుదురు. అక్కడి అధికారియగు ఫ్రాన్సిసు డే యే తరువాత 1639లో చెన్నపట్నపు స్థలమును సంపాదించెను. ఈ తిప్పయొక్క చిత్రమేమనగా, తెలియక దానిపైకి పోయిన ఓడ పగులును. తెలిసి దాని లోపలివైపున లంగరు వేసిన ఓడకు అదియే తరంగములనుండి అడ్డుగోడ యగును. రెంటికిని భేదము తెలివియే. అందుచేతనే ఆ తీరమున దీపస్తంభము వెలసినది. దీపస్తంభము ఓడను పిలుచుటకని మనము పొరబడుదుము. అనేకచోటుల అది చెప్పునది 'ఇటు రావలదు' అనియే.

తెరచాప ఓడల దినములలో మన తీరపు ముఖ్యమైన రక్షణోపాయము పంచాంగము. అక్టోబరు నడుమ ఈశాన్యపు గాలి తిరుగువేళకు ఓడలు బయలు రేవులను విడిచిపోవలెను. చెన్నపట్నపు కోటమీద జెండాను దించివేయుట అందుకు సంకేతము. ఆ తరువాత రేవున నిలుచు ఓడ తన ప్రాణమునకు తానే పూచీ. ఇది తెలివైన పద్ధతియే గాని, తుపాను ప్రతియేడును పంచాంగమును చూచుకొని రాదు.

తూర్పు గోదావరి ముఖమున నున్న కోరంగి ఇందుకు సాక్షి. ఒకప్పుడు అది ఓడలు కట్టు రేవు. బర్మాలో తెలుగువారినందరిని 'కోరంగీ'లని పిలుచుటకు ఆ రేవే కారణము. 1789 డిసెంబరున అక్కడ ఒకదాని వెంట నొకటిగా మూడు మహాతరంగములు లేచి ఊరిని ముంచినవి. 1839 నవంబరు 25న మరల ఉప్పెన వచ్చి ఓడలను, మనుష్యులను తుడిచిపెట్టెను. మూడులక్షలమంది మరణించిరని పుస్తకములలో కనబడు అంకెను ఇప్పటి పరిశోధకులు కొందరు నమ్మరు. అంకె యెట్లున్నను కోరంగి మరల లేవలేదు. వర్తకము కాకినాడకు తరలిపోయినది.

కలకత్తాలో నౌకాప్రమాదములను విచారించు న్యాయస్థానమునకు అధ్యక్షుడుగా హెన్రీ పిడింగ్టను అను నావికుడుండెను. బంగాళాఖాతపు తుపానులలో చిక్కిన ఓడల దినచర్య పుస్తకములను ఒక్కటొక్కటిగా తెప్పించి, ఏ గంటకు ఏ ఓడపై ఏ దిక్కుగాలి వీచెనో పటముపై గుర్తించుట అతని పని. ఆయన పరిశీలించిన తుపానులలో కోరంగి తుపానులును ఉన్నవి. ఆ గుర్తులన్నియు చేర్చి చూడగా గాలి చుట్టలు చుట్టుకొన్న పామువలె కానవచ్చెను. కనుక పాముచుట్ట యను అర్థమిచ్చు గ్రీకు మాటనుండి 'సైక్లోను' అను పేరును 1848లో తన గ్రంథమున వాడెను. నేడు లోకమంతట చెల్లుచున్న ఆ మాట పుట్టినది మన సముద్రముమీదనే.

పిడింగ్టను పేరు పెట్టుటతో ఊరకుండలేదు. పలుచని కొమ్ముపలకలపై వలయములను, బాణపు గుర్తులను గీయించి నావికుల కిచ్చెను. దానిని పటముపై నుంచినచో తుపాను నడిమిభాగమెటు ఉన్నదో తెలియును. సూత్రము సులభము. భూమధ్యరేఖకు ఉత్తరమున తుపానుగాలి గడియారపు ముల్లునకు ఎదురుదిక్కున తిరుగును. గాలికి ముఖము పెట్టి నిలిచిన వానికి తుపాను కేంద్రము కుడిచేతి వైపున, కొంచెము వెనుకగా ఉండును. ఓడ నిలిచియుండగా గాలి ముల్లుతిరుగు దిక్కుననే మారుచున్నచో, ఓడ తుపాను నడకకు కుడిప్రక్కను ఉన్నది. అది ఎక్కువ ప్రమాదమైన భాగము. ఎదురుదిక్కున మారుచున్నచో ఎడమప్రక్క నున్నది. వైర్లెస్సు లేని కాలమున, ఆకాశమును మేఘములు కప్పివేసినవేళ, ఒంటరి కప్తానునకు ఇంతకు మించిన తోడు లేదు. చదువు వలన ప్రాణములు దక్కుననుటకు నాకు తెలిసిన మంచి ఉదాహరణములలో ఇది యొకటి.

అయినను ఓడకు తెలిసినది రేవునకు తెలియుటకు తంతి కావలెను. 1864 అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్టణమును తుపానులు ధ్వంసము చేసినవి. మచిలీపట్టణపు ఉప్పెనలో ముప్పదివేలమంది మరణించిరని లెక్క. ఈ రెండు దెబ్బల పిమ్మటనే రేవులకు ముందుగా హెచ్చరిక పంపు ఏర్పాటు మొదలై, 1875లో బ్లాన్ఫర్డు పెద్దగా భారత వాతావరణశాఖ ఏర్పడెను. నేడు మన రేడియోలో 'కృష్ణపట్నము, నిజాంపట్నము రేవులలో మూడవ నెంబరు సూచిక' అని వినువారిలో ఆ అంకెల భావము తెలిసినవారు తక్కువ. ఒకటి, రెండు దూరమున తుపాను కలదని ఓడలను మేలుకొలుపునవి. మూడు, నాలుగు రేవునకే గాలి భయమున్నదని చెప్పునవి. ఐదునుండి ఏడువరకు ప్రమాదము. ఎనిమిదినుండి పదివరకు మహాప్రమాదము. వీనియందు ఒక్కొక్క మూడింటిలో మొదటిది తుపాను తన మార్గమునకు ఎడమవైపున రేవునుంచి పోవుననియు, రెండవది కుడివైపుననుంచి పోవుననియు, మూడవది రేవుమీదుగనో చేరువనో పోవుననియు తెలుపును. పదునొకండవది వింతయైన సూచిక. హెచ్చరిక పంపు కార్యాలయముతో సంబంధములు తెగిపోయినవని దాని అర్థము. అనగా ఇక చెప్పువాడు లేడు, మీ జాగ్రత్త మీరు చూచుకొనుడని.

తుపాను సంగతి ఇట్లుండగా, పొగయోడలు వచ్చిన పిమ్మట ప్రమాదపు స్వరూపము మారినది. ఓడలో వర్తకుడు, వాని సొమ్ము పోయి, వేలకొలది కూలిజనము వచ్చిరి. కాకినాడనుండి, విశాఖపట్టణమునుండి రంగూనునకు పోవు స్టీమరులలో గోదావరి, విశాఖ, గంజాము సీమల తెలుగువారు వరికోతలకు, ధాన్యపు మిల్లులకు, రేవుపనులకు ఏటేట పోయి వచ్చుచుండిరి. వీరిలో ఎక్కువమంది డెక్కు ప్రయాణికులు. గది లేదు, పడక లేదు. చాప పరచుకొన్న చోటే ఇల్లు. తలకు ఇన్ని చదరపు అడుగుల చోటు ఉండవలెనని 19వ శతాబ్దపు చట్టములు నిర్ణయించినవి. చోటు లెక్కకు వచ్చినంత త్వరగా ప్రాణరక్షక పడవలు లెక్కకు రాలేదు.

పేదప్రయాణికుల ఓడ మునిగినప్పుడు లోకము ఎట్లు స్పందించెనో చూడుడు. 1887 మే 25న కలకత్తానుండి పూరీ యాత్రికులను తీసికొనిపోవుచున్న 'సర్ జాన్ లారెన్సు' అను స్టీమరు తుపానులో మునిగిపోయెను. సుమారు ఏడువందల ఏబదిమంది పోయిరి. వారిలో పెక్కురు స్త్రీలు. రవీంద్రుడు ఆ దుఃఖముపై ఒక కవిత వ్రాసెను. కొందరు ఇంగ్లీషు స్త్రీలు కలకత్తా గంగాతీరమున ఒక శిలాఫలకము పెట్టించిరి. అంతర్జాతీయ సభ మాత్రము ఎవ్వరును పిలువలేదు. 1912 ఏప్రిలులో 'టైటానిక్' మునిగినప్పుడు పిలిచిరి. ఆ ఓడలో రెండువేల రెండువందల మందికి పైగా ఉండగా, ఇరువది పడవలలో 1178 మందికే చోటు. ఇది చట్టవిరుద్ధము కాదు! పదివేల టన్నులు దాటిన ఓడకు పదునారు పడవలు చాలునని నాటి ఆంగ్లచట్టము. నలుబదియారువేల టన్నుల ఓడ వచ్చునని ఆ చట్టము వ్రాసినవారు ఊహింపలేదు. సమీపముననున్న మరియొక ఓడలో వైర్లెస్సు ఉద్యోగి పని ముగించుకొని నిద్రించుచుండెను. పదునైదువందలమంది చలినీట మరణించిరి.

1914 జనవరిలో లండనులో పదుమూడు దేశములు కూడి, సముద్రముపై ప్రాణరక్షణకు ఒడంబడిక వ్రాసికొన్నవి. ఓడలోని ప్రతిప్రాణికి పడవలో చోటు, రాత్రింబవళ్లు వైర్లెస్సు కావలి, పడవల అభ్యాసము దాని ముఖ్యవిషయములు. యుద్ధము వచ్చి అది అమలు కాలేదు. 1929లో, 1948లో, 1960లో మరల వ్రాసిరి. 1974లో వ్రాసినది, పెక్కు సవరణలతో, నేటికిని చెల్లుచున్నది. ఇది అందరెరిగిన కథ. అంతగా తెలియని భాగము మరియొకటి కలదు. 1929 ఒడంబడికను హజ్జు యాత్రికుల ఓడలకు, డెక్కు ప్రయాణికుల ఓడలకు యథాతథముగా వర్తింపజేయుట కష్టమని, 1931లో సిమ్లాలో సమావేశమై సడలించిన నియమములను వ్రాసిరి. వానికి సిమ్లా నియమములని పేరు. నియమము పూర్తిగా పెట్టినచో టిక్కెట్టు ధర పెరిగి పేదవాడు ఎక్కనే లేడని వారి వాదము. ఆ వాదము పూర్తిగా అబద్ధము కాదు. కాని గదిలోని వానికి ఒక కొలత, డెక్కుమీది వానికి వేరొక కొలత అని దాని ఫలితము. ఇట్టి ఓడలకు ప్రత్యేకముగా కొత్త ఒడంబడిక 1971లో గాని రాలేదు. అప్పటికి రంగూను స్టీమరుల కాలము గడచిపోయినది.

గడచిపోయిన తీరు కూడ దారుణము. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడినవి. దొరికిన ఓడలో ఎక్కగలిగినవారు ఎక్కిరి. తక్కినవారు ఆరకాను, అస్సాము కొండదారులను పట్టిరి. 1942 ఏప్రిలులో జపాను నౌకాదళము బంగాళాఖాతమున ప్రవేశించి ఇరువదికి పైగా వర్తకపు ఓడలను ముంచినది. ఆ నెల 6వ తేదీననే విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసిరి. యుద్ధమున ఏ ఒడంబడికయు పనికిరాదని ఆ వారమున మన తీరవాసులు కన్నులార చూచిరి. యుద్ధము ముగిసినను దుఃఖము ముగియలేదు. 1947 జూలై 17న, స్వాతంత్ర్యమునకు నెలదినములు ముందు, బొంబాయి చెంత 'రామదాసు' అను చిన్న స్టీమరు వానగాలిలో ఒరిగి మునిగెను. ఆరువందలమందికి పైగా మరణించిరి. ఒడ్డు కనుచూపుమేరలో నున్నను వార్త నగరమునకు చేరుటకు గంటలు పట్టెను.

ఇపుడు ఓడ ఎక్కువారి తీరు మరల మారినది. బ్రతుకుతెరువునకు పోవువారు విమానమెక్కుచున్నారు. వేడుకకై పోవువారు ఓడ ఎక్కుచున్నారు. 2022 జూనులో 'ఎంప్రెస్' అను విహారనౌక విశాఖపట్టణమునకు వచ్చినప్పుడు చూచుటకు జనము గుమిగూడిరి. అట్టి ఓడ యొక చిన్న పట్టణము. అందలి రక్షణ మూడు విధములుగా నడచును. ఓడ అడుగుభాగమును నీరు చొరని గోడలతో గదులుగా విభజింతురు. ఒకటి రెండు గదులు నిండినను ఓడ తేలుచుండవలెను. నిప్పు పుట్టినచో ఆ భాగమును మాత్రము మూసివేయుటకు నిప్పునకోర్చు గోడలు, పైనుండి నీటిజల్లు, పొగలో నేలను పాకుచు పోవువానికి దారి కానవచ్చుటకు అడుగున దీపములు ఉండును. ఈ చివరి దీపముల వెనుక 1990లో 'స్కాండినేవియన్ స్టారు' అను ఓడలో పొగచేత చచ్చిన 159 మంది కథయున్నది. చివరకు ఓడను విడువవలసి వచ్చినచో ఏడు పొట్టికూతలు, ఒక దీర్ఘమైన కూత వినిపించును. కప్తాను ఆజ్ఞయిచ్చి, జనము తేలుచొక్కాలు తొడిగి కూడిన పిమ్మట ముప్పది నిమిషములలో పడవలన్నియు నీటికి దిగవలెనని నియమము.

ఈ నియమముల విలువ మనుష్యునిపై నాధారపడినది. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి యొద్ద 'కోస్టా కాంకార్డియా' అను మహానౌక రాతిని కొట్టుకొని ఒరిగెను. యంత్రములకు కొదువలేదు. ఆ సాయంకాలమే ఎక్కినవారికి మాత్రము అభ్యాసము జరుగలేదు. ఎక్కిన 24 గంటలలో జరిపిన చాలునని నాటి నియమము. కప్తాను ప్రయాణికులు దిగకమునుపే ఓడను వీడెను. 32 మంది మరణించిరి. న్యాయస్థానము అతనికి పదునారేండ్ల శిక్ష విధించెను. 2015 జనవరినుండి ఓడ కదలుటకు ముందే, లేదా కదలిన వెంటనే, కొత్తవారందరికి అభ్యాసము జరుపవలెనని సవరించిరి. విందులు, సంగీతము నడుమ ఈ అభ్యాసమును విసుగుగా తలచు ప్రయాణికులు కలరట. రంగూను డెక్కుమీద చాప పరచుకొన్నవానికి ఎవ్వరైన ఇట్టి విసుగు కలిగించియుండినచో ఎంత బాగుండెడిది!

ఓడ నడుపువారి క్షేమము ఇంకను ఆలస్యముగా చట్టమునకెక్కినది. ఖలాసీ నిద్రలేక తూగుచున్నచో ఏ పడవయు దిగదు. దినమునకు పదిగంటలకు, వారమునకు డెబ్బదియేడు గంటలకు తక్కువ కాని విశ్రాంతి యుండవలెనని 2006లో కుదిరిన నావికశ్రామికుల ఒడంబడిక చెప్పుచున్నది. ఓడ యజమాని లాభమేదైనను, ప్రమాదమువేళ తుదినిర్ణయము కప్తానుదే యనియు, ఆ అధికారమును యజమాని కాగితముమీద వ్రాసియీయవలెననియు 1998నుండి మరియొక నియమము చెల్లుచున్నది. తుపాను ఎదుట నున్నను సరుకు వేళకు చేరవలెనని తంతిపై తంతి కొట్టు యజమానుల కథలు పాతకాలపు సరంగులు చెప్పుచుండెడివారు. వారికి ఈ కాగితము దొరకలేదు.

గణపతిదేవుని శాసనమున్న స్తంభము మోటుపల్లి వీరభద్రాలయ ప్రాంగణమున నున్నది. సముద్రము ఇప్పుడు అక్కడినుండి కొంత దూరము జరిగినది. జలదంకినుండి కావలికి పోయి రైలెక్కిన వారికి అది ఒక్కనాటి ప్రయాణము.